సీసా చిన్నదైతే కాయది తప్పా

పెద్దమ్మ పెద్దకర్మ రోజున, ఇంకా ఆకులు వేయకముందే, ఒకాయన షామియానా కింద లేచి నిలబడి నాలుగు మాటలు మాట్లాడాడు. "ఆ మహాతల్లి శాంతమూర్తి. ఎవురినీ ఒక మాట అని ఎరగదు. ఆమె మొగంలో కోపమనేది నేను చూసినోణ్ణి కాదు" అన్నాడు. కూర్చున్నవాళ్ళు తలలూపారు. ఇద్దరు ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు కూడా. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన చూడలేదట! పెద్దమ్మ జన్మలో పడ్డ కోపంలో సగానికి సగం ఆయన మీదే పడింది. హోసూరు పక్క బేరిగై దాటి లోపలికి పోతే వచ్చే మా ఊళ్ళో, తొంభైల చివర్లో, ఒక కంపెనీ తరఫున కాయలు తీసుకునే సెంటరు నడిపింది ఆయనే. పెద్దమ్మ ఆయన్ని మొహం మీదే 'సెంటరప్పా' అని పిలిచేది. ఆయన అసలు పేరు నాకు తెలుసు గానీ రాయను. నేనూ సెంటరప్ప అనే అంటాను.

మనవాళ్ళకు ఒక పాడు అలవాటుంది. ఆడమనిషి పోగానే ఒంటి మీది బంగారం జాగ్రత్తగా తీసి కూతుళ్ళకిస్తారు. ఆమె కోపాన్ని మాత్రం ఎవరికీ దక్కనివ్వరు, చితిలో వేసి కాల్చేస్తారు. బతికినన్నాళ్ళూ గయ్యాళి అన్న నోళ్ళే పోయాక శాంతమూర్తి అంటాయి. వినేవాళ్ళకు అది గౌరవంలా ఉంటుంది. నాకు దొంగతనంలా ఉంటుంది. మా పెద్దమ్మకు కోపం ఉండేది. బోలెడంత ఉండేది. అది ఊరికే పోకూడదని ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు సొంత అక్క. పొట్టి మనిషి, గట్టి గొంతు. కోపం వస్తే ముందు కొంగు తీసి నడుముకు దోపేది. తర్వాత చేతిలో ఏముందో చూసుకునేది. కొడవలి ఉంటే కొడవలి, గంప ఉంటే గంప, కింద పెట్టేసేది. "చేతిలో కొడవలి పెట్టుకోని మాట్లాడితే బెదిరించినట్ల ఉంటాది. ఒట్టి చేతుల్తో మాట్లాడితే న్యాయం అడిగినట్ల ఉంటాది" అనేది. కొంగు దోపడం చూడగానే పెదనాన్న ఆవుల్ని చూసొస్తానని లేచి పోయేవాడు. ఆ ఇంట్లో ఆవులకు జరిగినంత మర్యాద ఇంకే ఇంట్లోనూ జరగలేదు.

"యాడ రాసుండాది?" అనేది ఆమె ఊతపదం. హోసూరు బస్సులో కండక్టరు, గంపలున్న ఆడవాళ్ళంతా వెనక సీట్లకు పొమ్మంటే, "గంప ఉండేవాళ్ళు వెనకాలే కూర్చోవాలని యాడ రాసుండాదప్పా? నీ టికెట్టు మీద రాసుండాదా? చూపించు" అంది. అతను చూపించలేకపోయాడు. ఆమె ముందు సీట్లోనే కూర్చుంది, గంప ఒళ్ళో పెట్టుకుని. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు తిన్నాకే ఆడవాళ్ళ బంతి అంటే మొదటి బంతిలోనే పోయి ఆకు ముందు కూర్చునేది. "ఆకలి అయ్యేది కూడా వంతులవారీగా అయితాదా?" అనేది. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. నేను పోయి ఆమె పక్కన కూర్చునేదాన్ని.

ఊరగాయ బాగుందా లేదా అని ఆమె నాలుకతో చూసేది కాదు, చెవితో చూసేది. ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని, మన తల దగ్గరికి లాక్కుని, చెవి పక్కన కొరికేది. కరుక్కుమంటే "విన్నావా?" అనేది, పెద్ద సంగతి ఏదో రుజువు చేసినట్టు. చిన్నప్పుడు నా చెవి మీద ఆవపిండి పడని ఎండాకాలం లేదు.

ఇంక ఆ కాయ సంగతి. దాని పేరు గెర్కిన్. వేలంత ఉండే పొట్టి దోస. మా ఊళ్ళో అది జెర్కిన్ అయింది. కంపెనీవాళ్ళే విత్తనం ఇచ్చారు, మందులు ఇచ్చారు, తీగ పాకడానికి తాళ్ళు ఇచ్చారు. కాసిన కాయంతా మేమే తీసుకుంటాం, సీసాల్లో పెట్టి పైదేశాలకు పంపిస్తాం అన్నారు. రాగులూ అనపకాయలూ వేసుకునే ఊరు. కొత్త పంటకు ఎవరూ ముందుకు రాలేదు. పెద్దమ్మ వేసింది. ఆమె వేసిందని పక్క ఇళ్ళవాళ్ళు వేశారు. మగవాళ్ళు సణిగినా, "ఆయమ్మే వేసింది కదా, మనకేంటికి భయం" అని ఆడవాళ్ళు పట్టుబట్టి వేయించారు. కోత వాళ్ళ పనే మరి. తెల్లారకముందే నడుము వంచి, ఆకుల కింద వెతికి వెతికి కోయాలి. వాళ్ళంతా పెద్దమ్మ మాట మీద వంగినవాళ్ళు. ఆ సంగతి ఆమె ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

సెంటర్లో ఒక రేకు ఉండేది. దానికి గుండ్రంగా బొక్కలు చేసి ఉంటాయి. కాయ బొక్కలో దూరితే తీసుకుంటారు. దూరకపోతే రిజెక్టు. సెంటరప్ప ఆ మాటను కాయను పక్కకు విసిరేస్తూ అనేవాడు. ఆ కాయ సంగతి ఏమిటంటే, ఈ రోజు వేలంత ఉన్నది కోయకుండా వదిలితే రేపటికి బొటనవేలు దాటిపోతుంది. కోసి గంపలో పెట్టుకుంటే పసుపుపచ్చగా తిరిగి మెత్తబడుతుంది. అందుకే కంపెనీ బండి రోజూ రావాలి. అది ఆదివారాలు వచ్చేది కాదు. పండగలకు వచ్చేది కాదు. డ్రైవరుకు ఇంటి దగ్గర పనుంటే అసలే వచ్చేది కాదు. మర్నాడు కాయంతా లావైపోయి కూర్చునేది. అప్పుడు సెంటరప్ప, బండి ఊసెత్తకుండా, "ఈ ఊరి ఆడోళ్ళు సోమరిపోతులు. పొద్దెక్కినాక లేస్తారు, కాయ లావు కాకుండా ఏమైతాది?" అనేవాడు.

సోమరిపోతులట! చీకట్లో లేచి మంచులో తడిసి కోసుకొచ్చినవాళ్ళను పట్టుకుని!

మొదటిసారి ఆ మాట విన్న రోజు పెద్దమ్మ గంప కింద పెట్టింది. కొంగు దోపింది.

"లావైతే ఏమైందప్పా? కాయే కదా?"

"సీసాలో పట్టదమ్మా. పైదేశం సీసా చిన్నది."

"సీసా చిన్నదైతే కాయది తప్పా?"

సెంటరప్ప నవ్వాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వలేదు. వాళ్ళ గంపల్లోని కాయలు సగానికి సగం రేకు పక్కన కుప్పగా పడి ఉన్నాయి. వాటిని ఇంటికి మోసుకుపోయి ఎనుములకు వేస్తే, అవి కూడా మొదట్లో తిని తర్వాత మూతి తిప్పేసుకున్నాయి. కూరకు రుచి లేదు, కొంచెం చేదు కూడా. గట్ల మీద కుళ్ళి వాసన కొట్టేవి. ఆ గట్ల పక్కగా నడిచి పోయేటప్పుడు కొందరు పెద్దమ్మ ఇంటి వైపు చూసి మొహం తిప్పుకునేవారు. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది, ఆమె జవాబు చెప్పుకునేది.

"ఒక్క కాయ పారేయకూడదు" అని ఆమె తీర్మానించుకుంది. మాది మామిడి సీమ. కృష్ణగిరి చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు ఊరగాయ అంటే మామిడికాయే. పెద్దమ్మ పెట్టిన జాడీలు ఊళ్ళో సగం ఇళ్ళకు పోయేవి. కాబట్టి మామిడికాయకు చేసినట్టే చేసింది. ముక్కలు కోసి, ఆవపిండి, కారం, కల్లుప్పు కలిపి, నువ్వుల నూనె పోసి జాడీకి గుడ్డ కట్టింది. కొన్నాళ్ళకు విప్పి చూస్తే పైన నురగ. ముక్క పట్టుకుంటే జారిపోయింది. ఆ వాసనకు పెదనాన్న ఈసారి నిజంగానే ఆవుల దగ్గరికి పోయాడు.

అది ఊరికి తెలిసిపోయింది. మావైపు ఒక మాట ఉంది కదా, చేతి వాసి అని. ఊరగాయ నిలిచేది చేతి వాసి వల్లనే అంటారు. పెద్దమ్మ చేతి వాసి పోయిందన్నారు. అంతటితో ఆగలేదు. కోపంగా పెట్టింది కాబట్టి చెడిపోయిందన్నారు! ఆడదాని కోపం జాడీలోకి దిగి ముక్కల్ని కుళ్ళబెట్టిందట. మగవాడు కోపంగా దున్నితే మడి ఎండిపోయిందని ఎవరైనా అన్నారా?

నేనప్పుడు కృష్ణగిరిలో డిగ్రీ చదువుతున్నాను, కెమిస్ట్రీ. సెలవుకు పోయేసరికి పెద్దమ్మ వాకిట్లో జాడీ కడుగుతూ ఉంది. ఎన్నడూ లేంది, గొంతు తగ్గించి అడిగింది.

"నా చెయ్యి చెడిపోయిందా అమ్మణ్ణీ?"

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. బస్సునే ఎదిరించిన మనిషి, ఊళ్ళోవాళ్ళ చేతకాని మాట ఒకటి నమ్మేసింది.

"చెయ్యి కాదు పెద్దమ్మా, పులుపు. మామిడికాయ తన పులుపు తనే తెచ్చుకుంటాది. పురుగు పుట్రా, బూజూ గీజూ ఆ పులుపులో బతకవు. ఉప్పూ నూనే దానికి తోడు, అంతే. ఈ కాయలో పులుపు యాడుంది? అంతా నీళ్ళే. నూనె పైన మూత మాదిరి ఉంటాది, లోపల నీళ్ళు నీళ్ళే."

ఆమె చెయ్యి తుడుచుకుంది. "అంటే ఇన్నేండ్లూ నేను పెట్టినాననుకున్నది మామిడికాయ పెట్టుకునిందా?"

"సగం అదే పెట్టుకునింది."

కోపం వస్తుందనుకున్నాను. నవ్వింది. "దొంగముండ, ఎప్పుడూ చెప్పనే లేదు" అని మామిడికాయను తిట్టింది. మామిడి సీమలో పుట్టడం వల్ల వచ్చిన పొరపాటు అది. పులుపు గురించి ఆలోచించాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు.

పులుపును బయట నుంచి పోయాలి. నేను హోసూరు బజార్లో వెనిగర్ సీసాలు కొనుక్కొచ్చాను. ఆమె మూత తీసి వాసన చూసి తల వెనక్కి లాక్కుంది.

"సారాయా ఏమే ఇది?"

"కాదు. పుల్లనీళ్ళు."

"సారాయికి అక్కో చెల్లెలో అయితాది. మీ పెదనాయనకు కనపడనీయద్దు."

ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరం పొయ్యి దగ్గర పోట్లాడుకున్నాం. నేను వెనిగర్ ఎంతో నీళ్ళు అంతకు మించకూడదన్నాను. ఆమె చేత్తో చెంబు పట్టుకుని ఇంకాస్త నీళ్ళు పోయబోతే చెయ్యి పట్టుకున్నాను. "నీళ్ళెక్కువైతే పులుపు చచ్చిపోతాది, మళ్ళీ నురగే" అన్నాను. ముక్కలకు ముందు ఉప్పు చల్లి కాసేపు పెడదామన్నాను. ఎందుకంది. ఉప్పు కాయలోని నీళ్ళను బయటికి లాగేస్తుంది, ఆ నీళ్ళు పారబోస్తే ఆ చోట్లోకి పులుపు దూరుతుంది అన్నాను. అది ఆమెకు వెంటనే అర్థమైంది. కాకరకాయకు చేసేది అదే కదా అంది. అల్యూమినియం గిన్నె తీసింది. పులుపు ఆ గిన్నెను తినేస్తుందని స్టీలుది పెట్టించాను. కరకరలాడాలంటే సున్నపు తేటలో వేయాలని ఆమె పట్టు పట్టింది. సున్నం సరిగా కడగకపోతే పులుపును విరిచేస్తుందని నా పట్టు. చివరికి సున్నం వద్దనుకున్నాం. ఆవాలు, మిరియాలు, వెల్లుల్లి, కొంచెం చక్కెర వేసి, వెనిగరూ నీళ్ళూ ఉప్పూ మరగబెట్టి, సీసాల్లో చక్రాలుగా కోసిన ముక్కల మీద వేడివేడిగా పోశాం. ఇది ఏడాది పాటు దాచుకునేది కాదు, కొంచెం కొంచెంగా చేసుకుని రెండు మూడు రోజుల్లో తినేయాలి అని చెప్పాను.

మర్నాడు ఆమె నా తల దగ్గరికి లాక్కుని చెవి పక్కన కొరికింది. సగం ముక్కలు కరుక్కుమన్నాయి. సగం మెత్తబడిపోయాయి. ఆమె ఒక్కొక్క ముక్కా వెలుగులో పెట్టి చూసింది. కాసేపటికి, "ఇదో, పువ్వు వైపు కోసిన చక్రాలే మెత్తబడినాయి. తొడిమ వైపువి గట్టిగా ఉండాయి" అంది. నేను కాలేజీకి పోయి మా మేడంను అడిగాను. పువ్వు అంటుకుని ఉండే కొసలో కాయను మెత్తబరిచే పదార్థం ఒకటి ఉంటుంది, ఆ కొసను కాస్త కోసి పారేస్తే చాలు అన్నారు. తర్వాత నుంచి మెత్తబడలేదు. పెద్దమ్మ ఆ వారమంతా కనపడినవాళ్ళందరి చెవుల దగ్గరా కొరికింది.

ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నేర్చుకుని పోయారు. రాగిముద్దలోకి, చిత్రాన్నంలోకి అదే. దానితో ఎవరి సంసారమూ బాగుపడిపోయిందని చెప్పను. పంట నష్టం పంట నష్టమే. కానీ గట్ల మీద కుప్పలు పోయాయి, ఆమె ఇంటి ముందు మొహాలు తిప్పుకోవడం తగ్గింది.

అది సెంటరప్పకు నచ్చలేదు. ఎందుకు నచ్చాలి? పనికిరాదని తను విసిరేసిన కాయను జనం లొట్టలేసుకుంటూ తింటుంటే ఆయన రేకు మర్యాద ఏం కావాలి? సరిగ్గా అప్పుడే ఒకరింట్లో సీసాలోని వెల్లుల్లి పాయలు పచ్చగా తిరిగాయి, నీలం కలిసిన పచ్చ. ఆయన ఆ సీసాను సెంటర్లో బల్ల మీద పెట్టి, "చూడండి, కంపెనీ మందు కొట్టిన కాయ. యాసిడ్లో పడి విషమైపోయింది. పిల్లోళ్ళకు పెట్టి చంపేస్తారా?" అన్నాడు. ఇళ్ళల్లో సీసాలు పెంటమీదికి పోవడం మొదలైంది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పెద్దమ్మకు చెప్పాను, వెల్లుల్లిలో గంధకం ఉంటుంది, పులుపు తగిలితే ఒక్కోసారి రంగు తిరుగుతుంది, అది విషం కాదు అని. ఆమె ఇంకేమీ అడగలేదు. నేరుగా సెంటరుకు పోయింది. బల్ల మీది సీసా మూత తీసి, అందరూ చూస్తుండగా ఆ పచ్చ పాయలు ఒకటి తర్వాత ఒకటి నమిలి మింగింది.

"సెంటరప్పా, ఈ కాయ మందు విషమైతే, ఇదే కాయ ఇదే పులుపులో పెట్టి పైదేశమోళ్ళకు ఏంటికి పంపిస్తాండారు? వాళ్ళు మనుషులు కాదా?"

ఆయన సీసాకు మూత పెట్టబోయాడు. ఆమె దగ్గర ఇంకా చాలా ప్రశ్నలున్నాయి. ఊరంతా నిలబడి విన్నారు. ఆ కోపాన్నే ఆయన చూడలేదట.

అప్పటికి పంటకాలం అయిపోవచ్చింది. వచ్చే కారుకు, అంటే తర్వాతి పంటకు, ఏ ఊళ్ళకు విత్తనం ఇవ్వాలి, ఏ ఊరిని తీసేయాలి అని చూడటానికి కంపెనీ ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. మా ఊరి పేరు కొట్టేస్తారని ముందే పుకారు. కారణం కూడా తెలుసు. సోమరిపోతులు. తాళ్ళు కట్టి, కొయ్యలు పాతి, నేల మార్చుకుని కూర్చున్నవాళ్ళు ఏం కావాలి? "నా మాట విని వేసినారు. ఇప్పుడు సోమరోళ్ళని పేరు కూడా మోసుకోవాలనా?" అని పెద్దమ్మ ఆ వారమంతా మా అమ్మతో అంటూనే ఉంది. ఆమెకు నిద్ర పట్టలేదని అమ్మ తర్వాత చెప్పింది. విత్తనం ఇవ్వకపోయినా ఫరవాలేదనేది. ఆ పేరు మాత్రం పోవాలనేది.

ఆఫీసరు కుర్రవాడే. కుప్పం వైపు తెలుగు, మర్యాదస్తుడు. తోటలు చూసేసరికి మధ్యాహ్నమైంది. ఊళ్ళో హోటలు లేదు. ఊరికి వచ్చినవాడు భోజనం చేయకుండా పోవడం మావైపు లేదు. పెద్దమ్మ తనింటికి రమ్మంది. సెంటరప్ప కూడా వెనకే వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్ళు వాకిట్లో గుంపుగా నిలబడ్డారు. మా అమ్మా నేనూ వడ్డించాం.

అనప పప్పు చారు, అన్నం, అప్పళం, ఆకు అంచున ఊరగాయ చక్రాలు. అతను మొదటి ముద్దతోనే ఒక చక్రం కొరికాడు. వాకిలి దాకా వినపడింది.

"ఇదేం ఊరగాయమ్మా? బాగుండాది" అన్నాడు.

"నీ కాయే అప్పా" అంది పెద్దమ్మ.

అతను నవ్వి ఇంకొన్ని వేయమన్నాడు. నేను వేశాను. తింటూనే, కష్టంగానే చెప్పాడు. "మీ ఊరికి వచ్చే కారుకు ఇచ్చేది కుదిరేట్లు లేదమ్మా. కాయ ఎప్పుడూ లావుగా వస్తాంది. ఈడ పొద్దున్నే కోసేది లేదని సెంటరు నుంచి చెప్పినారు."

పెద్దమ్మ కొంగు దోపింది. ఈసారి చేతిలో కింద పెట్టడానికి ఏమీ లేదు. వంగి, అతని ఆకులోంచి ఊరగాయ చక్రాలు ఏరి తన అరచేతిలో వేసుకోవడం మొదలుపెట్టింది. మా అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వడ్డించిన ఆకులోంచి వెనక్కి తీసుకోవడం మా ఇళ్ళల్లో పగవాడికి కూడా చేయరు. అతని చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"అన్నం తిను. ఆకలితో వచ్చినావు, అన్నం మాది. ఇది మాత్రం నీది కాదప్పా. రిజెక్టు. నీ సీసాలో పట్టలేదని మీరు విసిరేసినది. సోమరోళ్ళు కోసినది. సోమరోళ్ళు కోసిన కాయ నువ్వెట్ల తింటావు?"

"అమ్మా, నేనట్ల అనలేదు..."

"నువ్వనలేదు. విని తలూపినావు. బండి రాకపోతే కాయ ఆగుతాదా? ఆదివారమని దానికి తెలుస్తాదా? బండి రాలేదని నీకు ఎవురూ చెప్పలేదా?"

అతను సెంటరప్ప వైపు చూశాడు. "ఎప్పుడో ఒకసారి సార్" అన్నాడు సెంటరప్ప. "ఆయమ్మకు కోపం జాస్తి. అందరికీ తెలిసిందే."

అతను వాకిట్లోకి చూసి అడిగాడు. "ఏమ్మా, బండి రాలేదా?"

వాళ్ళు సెంటరప్ప వైపు చూసి తలలు దించుకున్నారు. నాకు వాళ్ళ మీద ఒళ్ళు మండిపోయింది గానీ, వాళ్ళ భయమూ తెలుసు. విత్తనం వచ్చినా రాకపోయినా సెంటరప్ప ఆ ఊళ్ళోనే ఉంటాడు. విత్తనం వస్తే రేకు పట్టుకునేది కూడా ఆయనే. పెద్దమ్మ వెనక్కి తిరిగి వాళ్ళవైపు చూడలేదు. చెప్పండని అడగలేదు. ఆ నూనె లేని, కారం లేని ముక్కలు చేతిలో పెట్టుకుని అట్లాగే నిలబడింది. ఇంక ఎవరూ నోరు తెరవరనుకున్నాను.

"ఆదివారం రాదు" అని ఎవరో అన్నారు. చాలా చిన్న గొంతు.

"ఉగాదికి రాలేదు."

"మొన్న శుక్రవారం మబ్బులోనే, తెల్లారకముందే కోసి పెట్టినాము. సాయంత్రం దాకా చూసినాము. రాలేదు."

"మా పక్కకూ రాలేదు."

"రాలేదు సార్."

"రాలేదు."

ఒక్కసారి మొదలయ్యాక ఆగలేదు. వెనకాల ఉన్నవాళ్ళు ముందువాళ్ళను నెట్టుకుని గుమ్మం దాకా వచ్చేశారు. సెంటరప్ప పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. పెద్దమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది దుఃఖం కాదని నేను ఎవరి ముందైనా చెప్తాను.

అతను అన్నంలోంచి చెయ్యి తీశాడు. తర్వాత సెంటరప్పతో, తలెత్తకుండానే, "రేపటి నుంచి ఆదివారం కూడా బండి రావాల. ఈ ఊరు వచ్చే కారుకూ ఉంటాది. సోమరోళ్ళనే మాట ఇంకోసారి నా చెవిన పడకూడదు" అన్నాడు.

సెంటరప్ప సరే సార్ అన్నాడు. వాకిట్లో ఎవరో ముక్కు చీదారు. పెద్దమ్మ కొంగు నడుములోంచి తీసి భుజాన వేసుకుంది.

"అన్నం ఆరిపోతాంది, తినప్పా" అంది. నావైపు తిరిగి, "ఆయనకు మజ్జిగ పొయ్యి అమ్మణ్ణీ. పోసి అన్నం ఇంకొంచెం పెట్టు" అంది.

పోశాను. అతను ఆకు అంచున ఖాళీగా ఉన్న చోటు వైపు ఒకసారి చూశాడు. పెద్దమ్మ అతన్ని దగ్గరుండి కడుపు నిండా తినిపించింది. ఊరగాయ మాత్రం మళ్ళీ వేయనీయలేదు.